వేట, సేకరణ, పంపకం: అడవి జీవికపై ఆరు దశాబ్దాల వాదన

ఆధునిక మానవుడు భూమి మీదికి వచ్చి సుమారు 3 లక్షల ఏళ్లు. విత్తి కోసుకోవడం మొదలై సుమారు 12 వేల ఏళ్లు. మిగతా కాలమంతా మనిషి వేటాడి, గడ్డలు తవ్వి, కాయా పండూ ఏరుకొని, చేపలు పట్టి బతికాడు. ఆ బతుకు ఎలాంటిదో తేల్చుకోకుండా సేద్యం గురించి గానీ, శ్రమ గురించి గానీ, సమానత్వం గురించి గానీ లోతుగా మాట్లాడలేం. అందుకే వేట-సేకరణ సమాజాల మీద వాదన మానవశాస్త్రం గడప దాటి ఆర్థికశాస్త్రంలోకి, పోషణశాస్త్రంలోకి, అటవీ చట్టాల్లోకి పాకింది. పాకిన కొద్దీ చిక్కుపడింది.

చిక్కు విప్పాలంటే ఇందులో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయని ముందు గుర్తించాలి. అడవి మీద ఆధారపడినవారికి తిండి సులువుగా దొరుకుతుందా, కష్టంగానా? ఆ తిండి ఎవరు తెస్తారు, ఎందుకు పంచుకుంటారు? ఇవాళ మనం చూస్తున్న వేట-సేకరణ సమాజాలు పాతరాతి యుగానికి సాక్ష్యాలా, లేక రైతులతో, వర్తకులతో, రాజ్యాలతో తరతరాల సంబంధంలో రూపుదిద్దుకున్నవా? ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు అతికించడం వల్లే చాలా అపార్థాలు పుట్టాయి.

1966కు ముందు, ఆ తర్వాత

పందొమ్మిదో శతాబ్దపు పండితులు మానవ చరిత్రను మెట్ల వరుసగా చూశారు. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గన్ 1877లో వెలువరించిన ‘ఏన్షియంట్ సొసైటీ’లో అట్టడుగు మెట్టు వేట-సేకరణదే. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచాక కూడా ఈ చిత్రం పెద్దగా మారలేదు. తిండి వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోయే జనం, అందువల్ల ఆలోచనకూ కళకూ తీరిక లేని జనం అన్నది అప్పటి సాధారణ అవగాహన. ఆ మాట ఎవరూ కొలిచి చెప్పింది కాదు.

కొలిచే పని 1960ల్లో ఊపందుకుంది. మానవశాస్త్రవేత్తలు రిచర్డ్ లీ, ఇర్వెన్ డివోర్ 1966 ఏప్రిల్‌లో షికాగోలో ఒక సదస్సు నిర్వహించారు. అక్కడి పత్రాలు 1968లో ‘మ్యాన్ ద హంటర్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. పుస్తకం పేరు పురుషుడి వేటను ముందు నిలిపినా, అందులోని ముఖ్యమైన లెక్క వేరే సంగతి చెప్పింది. లీ పరిశీలించిన 58 సమాజాల్లో 29 ప్రధానంగా సేకరణ మీద, 18 చేపల మీద, 11 మాత్రమే వేట మీద ఆధారపడ్డాయి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట గడ్డలు, కాయలు, గింజలు కడుపు నింపుతాయి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ మాంసం, చేప ముఖ్యమవుతాయి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్‌లకు సీలు వంటి సముద్ర జంతువులే బతుకుతెరువు. తర్వాతి పరిశోధకులు ఈ లెక్కను సవరించారు. కరోల్ ఎంబర్ 1978లో, సేకరణే అన్నిచోట్లా ముందుంటుందన్న అభిప్రాయం కూడా అతిశయోక్తేనని చూపారు. అయినా ఒక సంగతి స్థిరపడింది: ‘వేటగాళ్ల సమాజం’ అన్న ఒకే మూస లేదు. నేల, నీరు, రుతువులను బట్టి తిండి మారుతుంది.

తీరిక వాదం

ఆ సదస్సులో అందరినీ ఆకట్టుకున్న వాదన మార్షల్ సాహ్లిన్స్‌ది. వేట-సేకరణ సమాజాలే తొలి సంపన్న సమాజాలని ఆయన ప్రతిపాదించారు. 1972లో వచ్చిన ‘స్టోన్ ఏజ్ ఎకనామిక్స్’లో దాన్ని విస్తరించారు. తర్కం సూటిగా ఉంటుంది. కోరికలు తీరడానికి రెండు దారులున్నాయి: ఎక్కువ సంపాదించడం, లేదా తక్కువ కోరుకోవడం. మోసుకు తిరిగే బతుకులో వస్తువు బరువే. కాబట్టి వాళ్లు తక్కువతో తృప్తి పడి, మిగిలిన పొద్దును విశ్రాంతికీ, ముచ్చటకూ, ఆటపాటలకూ ఉంచుకున్నారన్నది సాహ్లిన్స్ సారాంశం.

ఈ తర్కానికి ఆధారాలు ప్రధానంగా రెండు. మొదటిది కలహారి ఎడారిలో లీ చేసిన కొలత. 1964 జులైలో 28 రోజుల పాటు డోబే ప్రాంతపు జుహోన్సీల పనిని ఆయన నమోదు చేశారు. వీరినే అప్పట్లో కుంగ్ బుష్‌మెన్ అనేవారు. పెద్దవాళ్లు తిండి కోసం సగటున వారానికి రెండున్నర రోజులకు కాస్త తక్కువే వెచ్చించారు. తలకు రోజుకు 2,140 కేలరీలు దొరికాయి. అందులో సింహభాగం మోంగోంగో చెట్టు గింజలది. కరువు నడుస్తున్న కాలంలోనే ఇంత దొరకడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. రెండో ఆధారం ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో 1948లో జరిగిన పరిశీలన. అక్కడ పెద్దవాళ్లు తిండి సంపాదనకూ వంటకూ కలిపి రోజుకు నాలుగైదు గంటలు పనిచేసినట్టు తేలింది.

తీరిక వాదానికి ఎదురైన ప్రశ్నలు

విమర్శ మొదట కొలత మీదే మొదలైంది. ఆర్న్‌హెమ్ ల్యాండ్ పరిశీలన ఒక్కో గుంపు మీద రెండు వారాలకు మించలేదు. ఒక గుంపులో పిల్లలే లేరు. లీ లెక్కలో అడవికి వెళ్లి తిండి తెచ్చిన సమయమే ఉంది. గింజలు పగలగొట్టడం, కట్టెలు, నీళ్లు తేవడం, పనిముట్లు చేసుకోవడం అందులో లేవు. 1979లో లీ స్వయంగా వాటినీ కలిపి చూస్తే మొత్తం వారానికి 40 గంటలు దాటింది. ఇంటిపనిని పనిగా లెక్కించాలా అన్న ప్రశ్న ఇక్కడ మళ్లీ ముందుకొస్తుంది. దాన్ని వదిలేసిన లెక్క ఆడవాళ్ల శ్రమను తగ్గించి చూపుతుంది.

రెండో విమర్శ ఆరోగ్యానికి సంబంధించింది. డోబే ప్రాంతంలోనే జనాభా లెక్కలు తీసిన నాన్సీ హోవెల్, పుట్టిన ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు 20 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారని చూపారు. అయితే ఈ అంకె కూడా ఒక్క వైపే చెబుతుంది. మైకేల్ గుర్వెన్, హిలార్డ్ కాప్లన్ 2007లో పలు సమాజాల లెక్కలు ఒకచోట చేర్చారు. బాల్యం గండం గట్టెక్కినవారు 70 ఏళ్ల చుట్టుపక్కల దాకా బతకడం మామూలేనని అందులో తేలింది. ‘అడవి మనిషి ముప్పై ఏళ్లకే ముసలివాడు’ అన్న మాట సగటు అంకెను తప్పుగా చదవడం వల్ల వచ్చింది.

మూడో విమర్శ పోలికల నుంచి వచ్చింది. పరాగ్వే అడవుల్లోని ఆచే పురుషులు వేట యాత్రల్లో రోజుకు దాదాపు ఏడు గంటలు తిండి కోసం తిరిగారు. ఒక్క కలహారి అంకెతో ప్రపంచాన్ని కొలవలేమని దీంతో స్పష్టమైంది. మరోవైపు ఫిలిప్పీన్స్‌లోని ఆగ్తాల మీద మార్క్ డైబుల్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన తీరిక వాదానికి కొంత బలం ఇచ్చింది. సేకరణ వదిలి సేద్యం వైపు మళ్లినవారు వారానికి దాదాపు 10 గంటలు ఎక్కువ పనిచేస్తున్నారని, ఆ బరువు ఆడవాళ్ల మీద ఎక్కువ పడుతోందని వారు చూపారు. ఒకే జాతిలో, ఒకే ప్రాంతంలో జరిగిన పోలిక కనుక దీని విలువ ఎక్కువ.

కేలరీలు కొలిచే బడి

1980ల నుంచి మరో బడి ఎదిగింది. సంపన్నులా పేదలా అన్న పెద్ద మాటలు పక్కనపెట్టి, ఏ రోజు ఏ తిండి ఎందుకు ఎంచుకుంటారో చూద్దామన్నది దీని పద్ధతి. ప్రతి తిండికీ ఒక ఖర్చుంటుంది: పట్టడానికో తవ్వడానికో పట్టే సమయం, శుభ్రం చేసి వండడానికి పట్టే సమయం. గంటకు ఎన్ని కేలరీలు వస్తాయో లెక్కగడితే ఒక వరుస ఏర్పడుతుంది. ఇందులో గమనించాల్సిన సూత్రం ఒకటుంది. తక్కువ రాబడి ఇచ్చే గింజలు ఎంత విరివిగా ఉన్నా, ఎక్కువ రాబడి ఇచ్చే జంతువులు చాలినన్ని దొరుకుతున్నంత కాలం జనం వాటి జోలికి పోరు. మేలైన తిండి కరువైనప్పుడే కింది వరుసలోకి దిగుతారు. గడ్డి గింజలు దంచుకుని తినడం, ఆ తర్వాత వాటినే సాగు చేయడం ఎందుకు మొదలైందో ఊహించడానికి పురావస్తు శాస్త్రవేత్తలు ఈ సూత్రాన్ని వాడుకున్నారు.

స్థల మార్పునూ ఇలాగే చదివారు. అలాస్కాలోని నునామియుట్‌ల మధ్య పనిచేసిన లూయిస్ బిన్‌ఫోర్డ్ 1980లో రెండు తీరులు చూపారు. తిండి ఉన్నచోటికి గుంపంతా కదలడం ఒకటి. గుంపు ఒకచోట ఉండి, కొందరు వెళ్లి తిండి తెచ్చి నిల్వ చేయడం రెండోది. చలి దేశాల్లో, తిండి కొద్ది వారాలే దొరికే చోట రెండోది తప్పదు. జేమ్స్ వుడ్‌బర్న్ 1982లో ఇదే తేడాను సమాజ నిర్మాణానికి ముడిపెట్టారు. తెచ్చింది ఆ రోజే తినే సమాజాల్లో పెత్తనం పుట్టడం కష్టం. నిల్వ ఉన్నచోట ఆస్తి, ఆధిపత్యం, వారసత్వం మొలకెత్తుతాయి.

ఈ బడి లోపం కూడా తెలిసిందే. మనిషి కేలరీల కోసమే అడవికి వెళ్లడు. నీలగిరి నాయకల మధ్య పనిచేసిన నూరిట్ బర్డ్-డేవిడ్, వారు అడవిని తల్లిదండ్రుల్లాంటిదిగా, పిల్లలకు పెట్టే చేతిలా భావిస్తారని రాశారు. రేపటికి దాచుకోకపోవడం తెలివితక్కువతనం కాదనీ, ఆ నమ్మకంలోంచి వచ్చిన నడతనీ ఆమె వాదించారు. లెక్కా, నమ్మకమూ ఒకదాన్నొకటి కొట్టేయవు. ఏం ఎంచుకుంటారో లెక్క చెబుతుంది, ఎందుకు పంచుకుంటారో నమ్మకం చెబుతుంది.

ఎవరు తెస్తారు, ఎందుకు పంచుతారు

టాంజానియాలోని ఏయాసి సరస్సు పరిసరాల్లో ఉండే హాడ్జాలు ఈ ప్రశ్నకు కేంద్రమయ్యారు. వారి తిండిలో గడ్డలు, రేగు వంటి చిరుపండ్లు, బావోబాబ్ కాయలు, మాంసం, తేనె ఉన్నాయి. తేనెపట్టు దాకా మనుషులకు దారి చూపే పిట్ట సాయంతో తేనె సేకరిస్తారు. 1980ల్లో క్రిస్టెన్ హాక్స్ బృందం లెక్కగట్టగా, పెద్ద జంతువు వేటకు వెళ్లిన హాడ్జా పురుషుడు సగటున దాదాపు నెల రోజులు తిరిగితే గానీ ఒకటి దొరకలేదు. దొరికిన మాంసం కూడా అతని ఇంటికే పరిమితం కాదు, బసలోని అందరికీ వెళ్తుంది. మరి ఇంటిని పోషించేది ఎవరు? హాక్స్ జవాబు: గడ్డలు తవ్వే అమ్మమ్మలు, నానమ్మలు. ఆడవాళ్లు సంతానవయసు దాటాక కూడా చాలాకాలం బతకడానికి కారణం మనవల పోషణేనన్న పరికల్పన ఇక్కడ పుట్టింది.

మాంసం ఎందుకు పంచుతారన్న దానికి నాలుగు వివరణలు నిలిచాయి. ఇవాళ నాకు దొరికింది, రేపు నీకు దొరుకుతుంది గనుక పంచుకుంటే ఎవరికీ పస్తులుండవన్నది మొదటిది. అడిగితే కాదనలేని మర్యాద ఉండటం రెండోది. పెద్ద జంతువును ఒక్కడే కాపాడుకోవడం కంటే వదిలేయడమే సులువు కావడం మూడోది. వేటగాడికి పేరు రావడం నాలుగోది. వీటిలో ఏ ఒక్కటీ అన్ని సమాజాలకూ సరిపోలేదు. ఒకే విందులో నాలుగూ కలిసి పనిచేయవచ్చన్నది నేటి స్థూల అంగీకారం.

స్త్రీ-పురుషుల పని విభజన మీద వాదన ఇంకా వేడిగా ఉంది. 1970ల్లోనే స్త్రీవాద మానవశాస్త్రవేత్తలు, మానవ పరిణామ కథలో వేటకు దక్కిన పీట సేకరణకు దక్కలేదని ఎత్తిచూపారు. ఆగ్తా స్త్రీలు విల్లంబులతో, కుక్కలతో వేటాడతారన్న నివేదికలు వచ్చాయి. పెరూలోని విలామాయా పట్‌హాలో సుమారు 9,000 ఏళ్ల నాటి ఒక యువతి సమాధిలో వేట పనిముట్లు దొరికినట్టు 2020లో ప్రకటించారు. 2023లో ఒక పరిశోధన బృందం, తాము చూసిన 63 సమాజాల్లో 79 శాతంలో స్త్రీలు వేటాడతారని ప్రకటించింది. ఏడాది తిరగకముందే మరో బృందం ఆ వర్గీకరణలో పొరపాట్లను ఎత్తిచూపుతూ, పెద్ద వేట చాలాచోట్ల ప్రధానంగా పురుషులదేనని బదులిచ్చింది. రెండు పక్షాలనూ చదివాక మిగిలే నిజం ఇది: స్త్రీలు వేటాడరన్న మాట తప్పు, పని విభజన లేదన్న మాటా తప్పు. విభజన ఉంది, అది ప్రాంతాన్ని బట్టి, జంతువును బట్టి, వయసును బట్టి వంగుతుంది.

ఒంటరి జనమా, ఇరుగుపొరుగు ఉన్న జనమా

1989లో ఎడ్విన్ విల్మ్‌సెన్ రాసిన ‘ల్యాండ్ ఫిల్డ్ విత్ ఫ్లైస్’ మూడో ప్రశ్నను బలంగా లేపింది. కలహారి జనం శతాబ్దాలుగా పశుపాలకులతో, వర్తకులతో ముడిపడి ఉన్నారనీ, వారి నేటి పేదరికం ఆ సంబంధాల్లో అట్టడుగుకు నెట్టబడటం వల్ల వచ్చిందనీ ఆయన వాదించారు. వారిని రాతియుగపు అవశేషంగా చూడటం చరిత్రను చెరిపేయడమేనన్నారు. జాక్వెలిన్ సోల్వే, లీ 1990లో బదులిస్తూ, సంబంధం ఉండటం వేరు, ఆ సంబంధం మీదే ఆధారపడటం వేరని చెప్పారు. ఇచ్చిపుచ్చుకుంటూనే తమ తీరు నిలుపుకున్న గుంపులు ఉన్నాయన్నది వారి వాదన.

భారతదేశంలో ఈ చర్చ ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. రిచర్డ్ ఫాక్స్ 1969లో, ఇక్కడి వేట-సేకరణ జనాలు మైదానాల మార్కెట్‌కు తేనె, మైనం, జిగురు, మూలికలు అందించే నిపుణులని ప్రతిపాదించారు. కేరళ కొండల్లోని మలపండారాల మీద 1982లో పుస్తకం రాసిన బ్రయన్ మోరిస్ వారిని అటవీ వర్తకులుగా చూశారు.

ఇదే కాలంలో థామస్ హెడ్‌ల్యాండ్ 1987లో మరింత పదునైన ప్రశ్న వేశారు. తడి ఉష్ణమండల అడవుల్లో పిండి పదార్థం చాలదు గనుక, రైతుల పొత్తు లేకుండా అక్కడ ఎవరూ బతికి ఉండరని ఆయన అనుమానం. దీనికి పురావస్తు శాస్త్రం గట్టి సమాధానం ఇచ్చింది. శ్రీలంకలోని ఫాహియన్ గుహలో సుమారు 45 వేల ఏళ్ల క్రితమే, సేద్యం ఎక్కడా పుట్టకముందే, మనుషులు కోతులను, ఉడుతలను వేటాడి వానడవిలో బతికారు. అడవి చాలదన్నది సార్వత్రిక సూత్రం కాదు. కానీ కొన్ని అడవులకు, కొన్ని రుతువులకు ఆ ప్రశ్న ఇంకా వర్తిస్తుంది.

నల్లమల సాక్ష్యం

తెలుగు పాఠకులకు ఈ వాదన దూరపుది కాదు. ఆస్ట్రియాలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమల చెంచుల మధ్య పనిచేసి, 1943లో వారి మీద పుస్తకం ప్రచురించారు. అమ్రాబాద్ పీఠభూమి మీది పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఆయన చూసిన జీవికకు ఆధారం వేట కాదు. అడవి గడ్డలు, దుంపలు, కాయా పండూ. విల్లంబులు ఉన్నా వేటలో దొరికేది తక్కువ. స్త్రీలూ పురుషులూ ఇనుప పొన్ను తొడిగిన తవ్వుకోలలతో గడ్డలు తవ్వేవారు. ఏ రోజుకారోజు తెచ్చుకుని తినేవారు. ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికి, మొర్రి పండ్లు, కొండ చరియల మీది తేనె తోడయ్యేవి.

పై వాదనలన్నీ ఈ ఒక్క చిత్రంలో పరీక్షకు నిలుస్తాయి. రోజుకారోజు తిండి, పెత్తనం లేని పెంట, వుడ్‌బర్న్ చెప్పిన తీరుకు దగ్గర. ఆ తవ్వుకోల పొన్నూ, గొడ్డలీ, ఒంటి మీది బట్టా మైదానం నుంచి వచ్చినవి. చెంచులు మాట్లాడేది తెలుగు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ, శ్రీశైల మల్లన్నతో వారి అనుబంధం, అడవికీ ఊరికీ మధ్య పాత బంధుత్వాన్ని చెబుతాయి. వారు ఒంటరివారు కాదు, అలాగని ఊరి మీద బతికినవారూ కాదు. కలహారి వాదనలో రెండు పక్షాలకూ మధ్య ఉన్న చోటు ఇదే.

ఆ చోటు గత కొన్ని దశాబ్దాల్లో కుంచించుకుపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తపసి జిగురు, తేనె వంటివి కొంటుంది గనుక సేకరణ కొంతవరకు సొంత తిండి నుంచి అమ్మకానికి మళ్లింది. గడ్డల స్థానంలోకి రేషన్ బియ్యం వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీదా, ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాల మీదా హక్కులు గుర్తించింది. వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. శ్రీహరికోటలో అడవి, చేపల మీద బతికిన యానాదులు రాకెట్ కేంద్రం కోసం దీవి వదలాల్సి వచ్చింది. వీరి ఇప్పటి ఆకలిని చూసి ‘అడవి జీవికే పేదరికం’ అని తీర్పు చెప్పడం, గుమ్మం మూసేసి ఇంట్లో వాడికి నడక రాదనడం లాంటిది.

ఒక చూపులో మూడు బడులు

తీరిక వాదం. బలం: సేకరణ జీవితాన్ని మొదటిసారి కొలిచింది, పేదరికం సహజమన్న ఊహను కూల్చింది. బలహీనత: కొద్ది రోజుల కొలతల నుంచి పెద్ద సూత్రం అల్లింది, ఇంటిపనిని, పసిపిల్లల మరణాలను తక్కువగా చూసింది.

కేలరీల లెక్క. బలం: పరీక్షించదగిన జవాబులిస్తుంది, ప్రాంతాల మధ్య తేడాలను వివరిస్తుంది. బలహీనత: నమ్మకం, బంధుత్వం, రాజకీయం దాని తక్కెడలో తూగవు.

విల్మ్‌సెన్, ఫాక్స్ వంటివారి చరిత్ర వాదం. బలం: మార్కెట్, రాజ్యం, చట్టం చేసిన మార్పును చూపింది. బలహీనత: కొన్నిసార్లు జనం సొంత ఎంపికను, అడవి ఇచ్చే దన్నును మరిచింది.

ఇంకా తేలనివి

మొదటిది, ఇవాళ్టి సమాజాల నుంచి గతానికి ఎంత దూరం వెళ్లగలం? సారవంతమైన నేలలను రైతులు ఆక్రమించాక మిగిలిన ఎడారుల్లో, కొండల్లో, మంచులో ఉన్నవారినే మనం చూస్తున్నాం. నదీ తీరాల వేట-సేకరణ జనాల లెక్క మన దగ్గర దాదాపు లేదు.

రెండోది, సమానత్వమే తొలి స్థితా? ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ చేపల మీద బతికిన సమాజాల్లో హోదాలు, బానిసత్వం ఉన్నాయి. సేద్యం లేకుండానే అసమానత పుట్టగలదనడానికి ఇది తిరుగులేని ఉదాహరణ. డేవిడ్ గ్రేబర్, డేవిడ్ వెన్‌గ్రో 2021లో, రుతువును బట్టి సమాజాలు పెత్తనాన్ని కట్టుకుని విప్పుకుని ఉంటాయని వాదించారు. ఆ వాదానికి పురావస్తు ఆధారం చాలదన్న విమర్శ బలంగానే ఉంది.

మూడోది, ఆరోగ్యం. హాడ్జాలు రోజంతా నడిచినా, ఒంటి పరిమాణం లెక్కలోకి తీసుకుంటే పట్టణవాసులు ఖర్చు చేసినన్ని కేలరీలే ఖర్చు చేస్తారని హెర్మన్ పాంట్‌జర్ బృందం 2012లో కనుగొంది. అలాంటప్పుడు ఊబకాయానికి కదలకపోవడం ఎంత కారణం, తిండి మార్పు ఎంత కారణం అన్నది నిర్ధారణ కావాలి.

తీర్పు

అరవై ఏళ్ల వాదన తర్వాత ఒక సంగతి ధైర్యంగా చెప్పవచ్చు. సమృద్ధి గానీ, లేమి గానీ వేట-సేకరణ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు. ఏ అడవి, ఏ రుతువు, ఎవరితో ఇచ్చిపుచ్చుకోవడం, ఆ నేల మీద ఎవరికి హక్కు అన్న నాలుగు విషయాలు దాన్ని నిర్ణయిస్తాయి. మొదటి రెండింటిని జీవావరణం తేలుస్తుంది. చివరి రెండింటిని మనం తేలుస్తాం. కాబట్టి చెంచుల, యానాదుల మీద ప్రణాళికలు రాసే అధికారులూ, పరిశోధకులూ వారికి ఎన్ని కిలోల బియ్యం ఇచ్చామన్న లెక్కతో ఆగకూడదు. వారు తినే గడ్డలు అడవిలో మిగిలాయా, తవ్వుకునే హక్కు కాగితం మీదే కాక నేల మీద కూడా ఉందా అన్నది ప్రతి ఏటా కొలవాలి. ఆ కొలత పెంటల్లో, అక్కడి స్త్రీల మాటతో మొదలవ్వాలి.